ఎర్రబండి భీమన్న గురువారాలు

లాడ్జీ వాచ్‌మన్ భీమన్న ఎర్రబండిలో గంజాయి మోస్తున్నాడని మా వీధిలో ఒక మాట నడుస్తోంది. ఎవరు పుట్టించారంటే ఎవరూ కాదు. టిఫిన్ బండి దగ్గర విన్నామంటారు, సెలూన్లో విన్నామంటారు. సత్యకుమారి గారే చెప్పారని నా పేరు పెట్టి నాకే చెప్పినవాళ్లు కూడా ఉన్నారు. అందుకని నేను కళ్లతో చూసింది, ముక్కుతో వాసన పట్టింది, చెవులతో విన్నది మొత్తం ఇక్కడ పెడుతున్నాను. చదివాక కూడా అనుమానం తీరనివాళ్లు మా ఇంటికి రండి, టీ ఇచ్చి మరీ చెబుతాను.

ముందు బండి సంగతి. కారే గానీ రెండే సీట్లు. పైన రేకు లేదు, వానొస్తే గుడ్డ టాపు లాక్కోవాలి. ముక్కు పొడుగు, నడుం సన్నం. నేలకి ఎంత ఆనుకుని ఉంటుందంటే, మా అరుగు మీద కూర్చుని చూస్తే నడిపేవాడి నడినెత్తి కనబడుతుంది. పందేల్లో పరిగెత్తే జాతి బండి అంటారు. చాలా ఏళ్ల కిందట ఒక సినిమా కంపెనీ షూటింగుకని దాన్ని అరకు తెచ్చింది. అప్పటికే అది పాతది. అరకులో జరిగిన షూటింగులన్నీ చూశాను నేను, ఆ ఒక్కటి తప్ప. మా పెద్దమ్మాయి పురుడని అప్పుడు శృంగవరపుకోటలో ఉండిపోయాను. వానలు పట్టుకుని షూటింగు మధ్యలో ఆగిందట, ఆ తర్వాత కంపెనీయే మూతబడిందట. ఆ సినిమా ఏ హాల్లోకీ రాలేదు. బండి మాత్రం మా ఇంటి ఎదురుగా ఉన్న లాడ్జీ షెడ్డులో ఉండిపోయింది. కొన్నాళ్లకి దాని కాగితాలు లాడ్జీ పెద్దాయన పేర మారాయి.

భీమన్నది గాలికొండ అవతల ఒక చిన్న ఊరు. కుర్రతనంలో కాఫీ బస్తాల జీపు నడిపేవాడు. ఘాట్ రోడ్డులో మంచు దిగి ముందున్న లారీ కనబడకపోయినా దాని శబ్దం పట్టుకుని నడిపేవాడని పేరు. తర్వాత పెద్దాయన లాడ్జీలో వాచ్‌మన్‌గా పెట్టుకున్నాడు. మనిషి నెమ్మది. ఒక ప్రశ్న అడిగితే ఒక మాట చెబుతాడు. రెండోది అడిగితే నవ్వుతాడు. మూడోది అడిగితే చీపురు పట్టుకుని అవతలికి పోతాడు. నాలాంటి దానికి ఎదురింట్లో అలాంటి మనిషి ఉండడం ఎంత కష్టమో మీరే ఆలోచించండి.

గురువారం పొద్దున్న మంచు విడుతుండగా అతను షెడ్డు తలుపులు తీస్తాడు. బండి చుట్టూ తిరిగి, కింద నూనె మరకలు పడ్డాయేమోనని వంగి చూస్తాడు. టైర్లు బొటనవేలితో నొక్కి చూస్తాడు. స్టార్టు చేశాక వెంటనే కదలడు, ఇంజను గొంతు సవరించుకునేదాకా పక్కనే నిలబడతాడు. ఆ శబ్దానికి మా వంటింట్లో స్టీలు గ్లాసులు వణుకుతాయి. అప్పుడు మెల్లగా వీధి దాటి అనంతగిరి వైపు రోడ్డెక్కుతాడు. ఎండ ముదరకముందే తిరిగి వచ్చేస్తాడు. పోయేటప్పుడు పక్క సీటు ఖాళీ. వచ్చేటప్పుడూ ఖాళీ.

మా అరకు సంత శుక్రవారం. గురువారమంటే కొండల మీద నుంచి సరుకు దిగే రోజు. పసుపు దిగుతుంది, పిప్పళ్లు దిగుతాయి, చీపుళ్లు దిగుతాయి. సరిగ్గా ఆ రోజే ఒక బండి ఖాళీగా పోయి ఖాళీగా రావడమేమిటి? పైగా దారిలో మూట నెత్తినున్న ముసలివాళ్లు చెయ్యెత్తినా ఆపడట. ఘాట్ రోడ్డులో చెయ్యెత్తితే ఆపనివాణ్ని ఇక్కడెవరూ మనిషి కింద లెక్క వేయరు.

అడిగినవాళ్లకి భీమన్న చెప్పేది ఒకటే. "బండి తిప్పకపోతే పాడైపోద్ది."

మీరు నమ్ముతారా? నేను నమ్మలేదు. తిప్పితే అరుగుతుంది గానీ, మూతేసి పెట్టుకున్న వస్తువు పాడవడమేమిటి? మా ఆయన రైల్వేలో చేరిననాటి ఇత్తడి టార్చిలైటు ఇప్పటికీ మా బీరువాలో కొత్తదానిలా ఉంది.

ఒక గురువారం కానిస్టేబుల్ రవిబాబు చెక్‌పోస్టు దగ్గర బండి ఆపాడు. సీట్లు ఎత్తించాడు, డిక్కీ తీయించాడు. ఏమీ దొరకలేదు. దానితో అనుమానం తీరాలా? మా వీధిలో ఇంకా పెరిగింది.

"పోలీసులకే దొరకనేదంటే మామూలోడు కాడు," అన్నాడు సెలూన్ అతను.

ఇక లాభం లేదని నేనే రంగంలోకి దిగాను. మిరపకాయలు ఎండబెట్టుకునే వంకతో షెడ్డు ముందుకు వెళ్లాను. భీమన్న బండి తుడుస్తున్నాడు.

"భీమన్నా, దీని డిక్కీలో ఏటి పడతాదేటి? నా మిరపకాయల బస్తా పడతాదా?"

"పట్టదమ్మా."

"ఏదీ, సూడనీ."

తీశాడు. జాకీ, నీళ్ల డబ్బా, గ్రీజు డబ్బా, పాత దుప్పటి. దుప్పటి కింద ఒక గుడ్డ మూట. మిరపకాయల ఘాటుకి తుమ్ము వచ్చినట్టు నటించి డిక్కీలోకి వంగాను. గంజాయి వాసన నాకు తెలుసు, బస్సులో ఒకసారి నా పక్క సీటువాడి సంచీలోనే పట్టుకున్నారు. ఇది ఆ వాసన కాదు. కలరా ఉండల వాసన. పట్టుచీరల మధ్య పెట్టుకునే కలరా ఉండలు కారు డిక్కీలో ఎందుకు?

"ఆ మూటేటి?"

భీమన్న నవ్వాడు. రెండో ప్రశ్న అయిపోయింది. మూడోది నోట్లో ఉండగానే డిక్కీ మూసి చీపురు అందుకున్నాడు.

గంజాయి కాదని నాకు ఆ రోజే తేలిపోయింది. కానీ గంజాయి కాకపోతే ఏమిటన్నది అంతకంటే పెద్ద తలనొప్పి అయి కూర్చుంది.

భీమన్న భార్య సోములమ్మ లాడ్జీలో దుప్పట్లు ఉతుకుతుంది. ఆ సాయంత్రం మా ఇంటికి వచ్చి, ఇచ్చిన టీ తాగకుండా గ్లాసు అరచేతుల మధ్య పెట్టుకుని కూర్చుంది.

"గంజాయని అంటన్నారు కదక్కా," అంది.

"కాదే. నాను సూసినాను."

"గంజాయైతే నయమే. జైల్లో ఏత్తే ఎక్కడున్నాడో తెలుస్తాది."

విషయమేమిటంటే, ప్రతి బుధవారం సాయంత్రం భీమన్న గెడ్డం గీసుకుంటాడు. మిగతా వారమంతా పట్టించుకోడు. "మా అన్న కూతురు పెళ్లికి గీసుకోమంటే గీసుకోనేదు. బుదారం మట్టుకు అద్దం ముందు కూకుంటాడు."

"అడగలేకపోనావా?"

"అడగను. అడిగితే సెప్పేత్తాడు. సెప్పేత్తే నిజమైపోద్ది."

ఇలా ఉండగా లాడ్జీ పెద్దాయన పోయారు. కొడుకు శివప్రసాద్ విశాఖపట్నం నుంచి వచ్చి లాడ్జీ చూసుకోవడం మొదలుపెట్టాడు. మంచి కుర్రాడే. మమ్మల్ని పిన్నీ, బాబాయ్ అని పిలుస్తాడు. అయితే వాళ్ల నాన్న అడగనివన్నీ ఇతను అడుగుతాడు. టూరిస్టులు సైతం "గంజాయి బండి ఇదేనా" అని ఫొటోలు తీసుకుంటున్నారని అతనికి తెలిసింది.

"పిన్నీ, మీకు తెలియనిది ఈ వీధిలో ఏముంది?" అన్నాడు మా అరుగు మీద కూర్చుని. "ఆ మనిషి గురువారం గురువారం ఎక్కడికి పోతున్నాడో కనుక్కుని చెప్పండి. నేనడిగితే, తిప్పాలి బాబూ అంటాడు, అంతే."

కనుక్కోమని ఎవరైనా నన్ను అడగాలా? తర్వాతి గురువారం సోములమ్మని తీసుకుని మొదటి బస్సులో గాలికొండ మలుపు దగ్గర దిగాను. అక్కడ యర్రమ్మ కాఫీ పాక ఉంది. ఎర్రబండి గురించి అడిగితే ఆమె పొయ్యి ఊదుతూ, "గురువారం కదా, ఒచ్చేత్తాడు," అంది, ఏదో బస్సు గురించి చెప్పినట్టు.

పాక వెనక వెదురు తడిక సందులోంచి చూశాం. బండి వచ్చింది. మలుపుకి కాస్త ఇవతల ఆగింది. భీమన్న దిగి, అటూ ఇటూ చూసి, డిక్కీలోంచి ఆ మూట తీశాడు. మూటలోంచి ఒక చొక్కా తీశాడు. ఒకప్పుడు పసుపురంగేమో, ఇప్పుడు వెలిసిపోయి వెన్నముద్దలా ఉంది. కాలరు పెద్దది, ఈ కాలంలో ఎవరూ కుట్టించుకోనిది. తన చొక్కా విప్పి అది తొడుక్కున్నాడు. బండి అద్దంలో చూసుకుంటూ జుట్టు పక్కకి దువ్వుకున్నాడు. సోములమ్మ నా భుజం పట్టుకుంది. ఆమె గోళ్లు దిగాయి.

తర్వాత బండెక్కి మలుపు తిరిగాడు. ఒక చెయ్యి తలుపు మీద వేసుకుని, తల కాస్త పైకెత్తి, ఎవరో చూస్తున్నట్టు మెల్లగా. ఎవరూ లేరు. ఎదురుగా లోయ, లోయలో మబ్బు. కొంత దూరం పోయి, వెనక్కి తిప్పుకుని వచ్చి, ఆ చొక్కా విప్పి, మడతలు సరిచేసి, మళ్లీ మూటగట్టాడు. తన చొక్కా తొడుక్కుని అరకు వైపు వెళ్లిపోయాడు.

"పెతీ గురువారం ఇంతే," అంది యర్రమ్మ. "కాఫీ కూడా తాగడు."

"ఎవులైనా వత్తారా?" అని అడిగాను.

"నాను సూడనేదు. కొండ మీద నుండి ఎవులైనా సూత్తారేమో, నాకేటి తెలుసు."

తిరుగు బస్సెక్కాం. మా వీధి మలుపులో దిగాక సోములమ్మ అంది, "ఆ సొక్కా నాను ఉతకనేదు. నా ఇంటికి రానేదు. మరి ఎవులుతుకుతున్నారు?"

శివప్రసాద్‌కి చూసింది చూసినట్టు చెప్పాను. చెప్పకుండా ఉండాల్సిందని ఇప్పుడంటే ఏం లాభం, అడిగినవాడికి చెప్పకపోతే నాకు అన్నం సహించదు. అతను విని, నుదురు రుద్దుకుని, షెడ్డు తాళం చెవి తీసుకుని జేబులో వేసుకున్నాడు.

"ఏమిటో తేలేదాకా బండి కదలడానికి వీల్లేదు," అన్నాడు భీమన్నతో.

"బాబూ, తిప్పకపోతే పోద్ది."

"పోతే పోనీ. నాకు లాడ్జీ పరువు ముఖ్యం."

అది చలికాలం. లంబసింగి చూసొచ్చినవాళ్లంతా ఇటూ వచ్చి, లాడ్జీ గదులన్నీ నిండిపోయిన రోజులు. భీమన్న తన పని తాను చేసుకున్నాడు. గురువారం వస్తే మాత్రం షెడ్డు ముందు మెట్టు మీద కూర్చునేవాడు. ఒకసారి తలుపు సందుకి చెవి ఆనించి ఉండగా చూశాను.

"ఏటి ఇంటన్నావు?"

"ఎలకలమ్మా," అన్నాడు.

బుధవారం గెడ్డం గీసుకోవడం మానేశాడని సోములమ్మ చెప్పింది. సంతోషపడుతుందనుకున్నాను, లేదు. "మనిసి సగమైపోనాడక్కా. ఎవులో గానీ, దానికోసం సగమైపోనాడు," అంది.

చలి తగ్గాక ఒక పెళ్లికి ముందరి ఫొటోల జంట లాడ్జీలో దిగింది. ఈ మధ్య ఇది ఒక వేడుకైంది కదా, పెళ్లి కాకుండానే పెళ్లి ఫొటోలు. వాళ్లకి షెడ్డులో ఎర్రబండి ఉందని తెలిసి, అందులో కూర్చుని తీయించుకుంటామన్నారు. శివప్రసాద్ ఉత్సాహంగా తాళం తీశాడు. వీధి వీధంతా చేరాం. సీట్లో కూర్చుని తాళం చెవి తిప్పాడు. టిక్కుమంది. ఇంకోసారి తిప్పాడు. టిక్కు కూడా అనలేదు. నలుగురు కలిసి తోసినా, బండి షెడ్డులో పాతేసినట్టు కదలలేదు. పెళ్లికూతురు లోపలి ముక్కిపోయిన వాసన పీల్చి పట్టుచీర కొంగుతో ముక్కు మూసుకుంది. భీమన్న గుంపు వెనక నిలబడి, నేల కేసి చూస్తున్నాడు.

మర్నాడు మెకానిక్ ప్రేమ్‌కుమార్ వచ్చాడు. బోనెట్ ఎత్తి, లోపలికి తల పెట్టి, తీసి, "దీన్ని పాడుసెయ్యనేదండి, పడుకోబెట్టీసినారు," అన్నాడు.

"నాలుగు నెలలు కూడా కాలేదయ్యా," అన్నాడు శివప్రసాద్.

"పాత బండికి అది సాలు బాబూ. పెట్రోలు ఊరికే ఉంటే సెడిపోద్ది. ఇదిగో, కార్బురేటర్లో బంకలాగ పేరుకుపోనాది. బ్రేకులు తుప్పట్టి సక్రాన్ని పట్టేసినాయి. నూనె తడి తగలక రబ్బర్లు ఎండి పగిలినాయి. నిలబడ్డసోట టైర్లు బల్లపరుపైపోనాయి. బేటరీ సచ్చిపోనాది. వైర్లు ఎలకలు తిన్నాయి."

భీమన్న నా వైపు ఒకసారి చూశాడు. అంతే.

"పోనీ షెడ్డులోనే రోజూ కాసేపు స్టార్టు చేసి ఆపేస్తే సరిపోయేదా?"

"అది మరీ సెడ్డది. సల్లటి ఇంజను తిరిగితే లోపల తడి పుడతాది. బాగా కాగితేనే ఆ తడి ఆవిరైపోద్ది. కాగకముందే ఆపేత్తే అది లోపలే ఉండి ఇనుముని తింటాది. ఇట్టాంటి బండిని వారానికోపాలి రోడ్డెక్కించాల. గేర్లన్నీ పడాల, బ్రేకులు నొక్కాల, నూనె మూలమూలకీ ఎల్లాల. ఘాట్ ఎక్కి దిగితే ఇంకా మంచిది. లోపల సూత్తే తెలుస్తంది, ఎవులో ఇన్నాళ్లూ అదే సేసినారు. లేకపోతే ఇది ఎప్పుడో కోళ్లగూడు అయిపోయీది."

నేను ఇంటికి వచ్చి తలుపేసుకున్నాను. నా కుట్టుమిషను ఒకటుంది. మా ఆయన రిటైరైన ఏడాది మూతపెట్టి, పైన పూలగుడ్డ కప్పి, దాని మీద టీవీ పెట్టాను. టీవీ దింపి, మూత తీసి, చక్రం తిప్పి చూశాను. తిరగలేదు. పోసిన నూనె లోపల జిగురై పట్టేసింది. పట్టా బీటలు వారింది. ఏమీ చెయ్యకుండానే, చెయ్యి వెయ్యకుండానే పాడైపోయింది. టార్చిలైటు కూడా తీసి చూశాను. పైకి కొత్తదే. లోపల బేటరీలు కారి ఆకుపచ్చగా పట్టి ఉంది.

సరే, బండి తిప్పడానికి కారణం దొరికింది. చొక్కాకి దొరకలేదు. గెడ్డానికి దొరకలేదు. కలరా ఉండలకి దొరకలేదు.

శివప్రసాద్‌కీ అదే ముల్లు. ప్రేమ్‌కుమార్ చేత బాగు చేయించాడు, తాళం చెవి భీమన్నకి తిరిగి ఇచ్చాడు. ఇస్తూ ఒక మాట అన్నాడు. నేను అక్కడే ఉన్నాను, ఎక్కడుంటాను మరి.

"తిప్పాలన్నావు, ఒప్పుకున్నాను. మరి ఆ వేషమేమిటి? నాకు నిజం చెప్పు, బండి నీ దగ్గరే ఉంచుతాను. చెప్పకపోతే ఇటుకల పండగ వెళ్లాక పాత ఇనుము సేఠ్ వచ్చి తీసుకుపోతాడు. షెడ్డు పడగొట్టి గదులు కట్టుకుంటాను."

భీమన్న తాళం చెవిని అరచేతిలో పెట్టుకుని చూస్తూ నిలబడ్డాడు. "తిప్పాలి బాబూ," అన్నాడు.

చైత్రంలో ఇటుకల పండగ వచ్చింది. మైదానంవాళ్లకి తెలియదేమో, కొండల్లో ఇది పెద్ద పండగ. మగవాళ్లు వేటకని అడవికి పోతారు, ఇప్పుడు ఆ వేట పేరుకే అనుకోండి. ఆ రోజుల్లో రోడ్డు ఆడవాళ్లది. అడ్డంగా వెదురుకర్ర పట్టుకుని, పాటలు పాడుతూ, వచ్చిన బండినల్లా ఆపుతారు. బస్సయినా, పోలీసు జీపయినా ఆగాల్సిందే. ఏదో ఒకటి ఇవ్వందే కర్ర లేవదు. వాళ్లు ఎంత ఆట పట్టించినా మగవాడు కోపం తెచ్చుకోకూడదు.

పండగ రోజుల్లో ఒకటి గురువారం పడింది. ముందు రోజు సోములమ్మ వచ్చి, "రేపు మా ఊరోలు గాలికొండ మలుపులో కర్ర కడతన్నారు. ఒక కొస నాను పడతాను. నువ్వు రెండో కొస పడతావా అక్కా?" అంది.

"అడగనన్నావు కదే."

"నాను అడగను. నువ్వు అడుగు."

వెళ్లాను. యర్రమ్మ పాక ఎదురుగానే, మలుపు తిరిగాక కనబడేలా కర్ర పట్టుకున్నాం. ఊరి ఆడవాళ్లు ఒకరి నడుం ఒకరు పట్టుకుని థింసా ఆడుతున్నారు. అప్పటికే విశాఖ వైపు నుంచి వచ్చిన ఒక జీపుని ఆపేశారు. చూస్తే అందులో శివప్రసాద్. ఇవ్వడానికి జేబు తడుముకుంటున్నాడు. అప్పుడే అరకు వైపు నుంచి ఎర్రబండి శబ్దం వినిపించింది.

మలుపు తిరిగి వచ్చాడు భీమన్న. గెడ్డం నున్నగా ఉంది. జుట్టు పక్కకి దువ్వి ఉంది. వెలిసిన పసుపు చొక్కా, ఒక చెయ్యి తలుపు మీద. కర్ర చూసి బ్రేకు నొక్కాడు. కర్రకి ఒక కొసన భార్య, రెండో కొసన నేను, అవతల యజమాని. పారిపోవడానికి చీపురు కూడా లేదు.

"ఏటమ్మా, మీరూ వచ్చినారు," అన్నాడు నాతో.

"వచ్చినాను. ఏటిస్తావు?"

చొక్కా జేబులో చెయ్యి పెట్టాడు. ఖాళీ. ఆడవాళ్లు పకపకా నవ్వి, కొత్త పెళ్లికొడుకు జేబులో పైసా లేదని పాట కట్టారు.

"డబ్బులొద్దు భీమన్నా, జవాబియ్యి. ఆ సొక్కా ఎవులిది? ఎవులికోసం తొడుక్కుంతన్నావు?"

పాట ఆగింది. ఇంజను ఒక్కటే గురగురమంటోంది. భీమన్న నన్ను చూడలేదు, శివప్రసాద్‌నీ చూడలేదు. సోములమ్మ వైపు చూసి చెప్పాడు.

"ఇది నాది కాదు. హీరోది."

"ఏ హీరో?"

"సినిమా హీరో. మన పెళ్లికి ముందు ఈ బండి తెచ్చినోల సినిమా. ఆడికి ఘాటంటే బయం, మలుపు కాడ బండి దిగిపోనాడు. డైరెక్టరుగోరు నన్ను పిలిసి, ఆడి సొక్కా నాకేసి, గెడ్డం గీయించి, ఆడిలాగ దువ్వి, దూరం నుండి తీసినారు. ఘాటులో బండి నడిపిందంతా నానే. ఆకరి షాటు ఉండిపోనాది."

"ఆకరి షాటులో ఏటవుద్ది?" అంది పాకలోంచి యర్రమ్మ, చేతిలో కాఫీ గరిటెతో.

"ఆ హీరోయిన్ పిల్ల ఎల్లిపోద్ది. ఈడొక్కడే ఈ మలుపు తిరిగి వత్తాడు. పక్క సీటు ఖాళీగా ఉండాల. మబ్బు ఇడవనేదు, వాన ఆగనేదు. వానలెల్లినాక వత్తాం, బండి రన్నింగులో ఉంచు, సొక్కా జాగర్త, అనీసి ఎల్లిపోనారు."

సోములమ్మ కర్ర దించలేదు. "ఎవులుతుకుతున్నారు దాన్ని?"

"నానే. గెడ్డ నీల్లలో."

"నాకెందుకు సెప్పనేదు?"

"నవ్వుతావని."

ఆమె నవ్వలేదు. అతని కాలరు కేసి చూసింది. "అయితే ఆ పిల్ల ఎల్లిపోద్దా," అంది. "మంచిదే. ఎల్లిపోనీ."

అప్పుడు నవ్వారు అందరూ, భీమన్నతో సహా. శివప్రసాద్ నవ్వలేదు. జీపు దిగి, ఫోను తీసి, కాస్త పక్కకి పోయి మాట్లాడాడు. నాకు వినబడాలని కాదు గానీ వినబడింది. "సేఠ్‌జీ, ఆ బండి అమ్మడం లేదు. రావొద్దు." ఫోను జేబులో పెట్టుకుని వచ్చి ఎర్రబండి ముక్కు మీద చెయ్యి వేశాడు. వేడికి వెంటనే తీసేశాడు.

"అంతా బాగుంది భీమన్నా," అన్నాడు. "కానీ ఆ కంపెనీయే లేదు. వాళ్లు రారు. నీకూ తెలుసు. తెలిసీ ఇన్నేళ్లూ ఎందుకిదంతా?"

భీమన్న చొక్కా మణికట్టు బొత్తం సరిచేసుకున్నాడు.

"కర్ర ఎత్తించండి బాబూ, నిలబెట్టీసినారు, ఇంజను కాగిపోతంది. ఆలు రాకపోతే రానేదు. ఒకేళ వచ్చిననాడు బండి కదలకపోతే, మాట పడీది నానే కదా."